కోసిగిలో పండని రెండు వేళ్ళు

కర్నూలు ఎండ గురించి నాకు ముందే చెప్పి భయపెట్టినవాళ్ళు పదిమంది ఉన్నారు. గొడుగు తీసుకెళ్ళమన్నారు, మజ్జిగ తాగమన్నారు, మధ్యాహ్నం బయట తిరగొద్దన్నారు. గోరింటాకు గురించి మాత్రం ఒక్కరంటే ఒక్కరూ చెప్పలేదు. చెప్పి ఉంటే కోసిగిలో అంత మంది ముందు అరిచి నవ్వులపాలయ్యేదాన్ని కాను.

నా పేరు సుభద్ర. కాకినాడలో ఒక మెడికల్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ని. ఈ మే నెలలో మా డాక్టరు గారు ఒక చిన్న పెట్టె నా చేతిలో పెట్టి, "సుభద్రగారూ, సీమ వెళ్ళి వాలీబాల్ ఆడేవాళ్ళ వేళ్ళు చూసి రండి" అన్నారు. ఆయనెందుకు వెళ్ళరంటే ఆయనకి ఎండ పడదట. నాకేదో పడుతున్నట్టు.

పెట్టెలో ఉన్నది లావుపాటి పెన్నులాంటి మైక్రోస్కోప్. గోరు మొదట్లో చర్మం మీద ఒక చుక్క నూనె వేసి దీన్ని ఆనిస్తే, లోపలి సన్న రక్తనాళాలు ల్యాప్‌టాప్ తెర మీద కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉంటే జడపిన్నులు వరసగా గుచ్చినట్టుంటాయి. ఏళ్ళ తరబడి బంతిని బాదేవాళ్ళలో కొందరికి ఆ పిన్నులు వంకర్లు పోతాయి, కొన్నిచోట్ల మాయమైపోతాయి. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. వేలు రంగు మారి మనకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అందుకని ముందే చూడాలని మా డాక్టరు గారి పట్టుదల. సీమలో ఊరూరా ఒక నెట్టు కట్టి ఉంటుంది కాబట్టి అక్కడికి పంపారు.

కర్నూలు

లాడ్జిలో సంచీ తెరవగానే మొదటి దెబ్బ తగిలింది. మైక్రోస్కోప్ కోసం తెచ్చిన నూనె సీసా మూత ఊడి, నా రెండు కొత్త చీరలూ ఆ నూనె తాగేశాయి. సీసాలో చుక్క లేదు. మూత సరిగ్గా పెట్టనిది నేనే కాబట్టి తిట్టడానికి కూడా ఎవరూ దొరకలేదు.

జీపు నడపడానికి కుదిరిన మనిషి పేరు మస్తాన్. నలభై ఏళ్ళుంటాయి. నా మొహం చూసి, "ముందు ఉగ్గాని తినండి మేడం, పరేషాన్ తర్వాత పడొచ్చు" అని బస్టాండు పక్క బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. మనం మరమరాలు అనేవాటిని వాళ్ళు బొరుగులంటారు. వాటిని నీళ్ళలో నానబెట్టి పిండి, ఉల్లిపాయ పోపు వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. ప్లేటు ముప్పై రూపాయలు. మరమరాలు తడిస్తే పారేసే ఇంట్లో పుట్టినదాన్ని, రెండో ప్లేటు అడిగి తిన్నాను. బజ్జీ మాత్రం ఒక్క కొరుకుతో ఆపేశాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే బండావిడ జాలిగా చూసి, "ఆ యమ్మ కోస్తా మనిషి లే" అని పక్కావిడతో చెప్పింది.

నూనె సంగతి చెబితే మస్తాన్ కొట్టుకి పోయి ఆముదం సీసా తెచ్చాడు. చిక్కగా, తేటగా ఉంది. పరీక్షకి అతని వేలే పట్టుకున్నాను. నమ్మరు, మా ల్యాబు నూనె కంటే బాగా కనిపించింది. తెర మీద ఎర్రటి పిన్నులు వరసగా వచ్చాయి, వాటిలో రక్తం చిన్న చిన్న చుక్కలుగా పాకుతోంది.

"ఇదంతా నా ఏల్లోనే జరుగుతాండాదా మేడం?" అన్నాడు మస్తాన్.

"నీ వేల్లోనే."

అతను వేలు వెనక్కి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆ రోజంతా స్టీరింగు కొంచెం మెల్లగా పట్టుకున్నాడు.

ఆలూరు

ఆలూరుకి పోయే దారిలో కంటికి ఆనే పచ్చదనం లేదు. దుక్కి దున్ని వాన కోసం ఆపిన చేలు, మధ్యలో ఎక్కడో ఒక వేపచెట్టు, దాని నీడలో నాలుగు గొర్రెలు. మా గోదావరి వైపు వాళ్ళకి ఇలాంటి నేల చూస్తే దిగులేస్తుంది. మస్తాన్‌కి అలా ఏం లేదు. "ఒక్క వాన పడనీ మేడం, మల్లా వచ్చి సూడండి" అన్నాడు.

ఆటగాళ్ళు పొలం పనులు ముగించుకుని పదకొండింటికి వస్తామన్నారు. ఈలోగా ఒక అవ్వ వచ్చి నా ముందు కూచుని చెయ్యి చాపింది. చెయ్యి చూసి జాతకం చెప్పే మనిషి వచ్చిందని ఊళ్ళో పాకిపోయిందట. నేను కాదు కాదంటున్నా వినలేదు.

"ఆ మిసను ఊరికే తెచ్చినావా. నాది సూడు. దుడ్లు అడిగితే మాత్రం ఈను."

సరేనని ఆముదం చుక్క వేసి చూశాను. డెబ్భై దాటిన ఆ అవ్వ వేల్లో పిన్నులు పుస్తకంలో బొమ్మలా ఉన్నాయి. ఒక్కటి వంకర లేదు.

"బాగున్నాయవ్వా. చాలా బాగున్నాయి."

"అది నాకూ తెలుసు. ఎన్నేండ్లు బతుకుతానో చెప్పు."

"అది కనపడదవ్వా దీంట్లో."

"మరి ఇంత దూరం యాల వస్తివి" అని లేచి పోయింది. పోయినదల్లా మధ్యాహ్నానికి జొన్నరొట్టెలు, ఊరిబిండి కట్టుకుని తిరిగి వచ్చింది. ఊరిబిండి అంటే వేరుశనక్కాయలూ మిరపకాయలూ కలిపి నూరిన పచ్చడి. రొట్టె మా అరిటాకంత వెడల్పుంది. నేను తుంచలేక అవస్థ పడుతుంటే ఆవిడే తుంచి పెట్టింది. ఆటగాళ్ళు తొమ్మిదిమందినీ చూశాను, ఇద్దరికి కొంచెం వంకర్లున్నాయి, రాసుకున్నాను.

అక్కణ్ణించే కోసిగి జట్టు కెప్టెన్ హనుమంతుకి ఫోన్ చేశాను. రేపు వస్తున్నాననీ, అందరూ వేళ్ళు శుభ్రంగా ఉంచుకోవాలనీ, ఒక్కొక్క వేలూ ఫోటో తీస్తాననీ చెప్పాను. ఈ మాటలు గుర్తు పెట్టుకోండి. తప్పంతా వీటిలోనే ఉంది.

కోసిగి

కోసిగిలో చాలా ఇళ్ళకి ఏడాదిలో కొన్ని నెలలు తాళాలుంటాయి. పంటలయ్యాక జనం గుంటూరు వైపు మిరపకోతలకి వెళ్ళి, ఉగాది దాటాక వస్తారు. మేము వెళ్ళేసరికి అందరూ తిరిగొచ్చారు. బడి పక్క మైదానంలో జట్టు మొత్తం ఉతికిన బట్టలేసుకుని, తలకి నూనె రాసుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. పన్నెండు మంది. నన్ను చూసి హనుమంతు సైగ చేశాడు. అందరూ ఒక్కసారి చేతులు ముందుకు చాపారు.

దూరం నుంచి చూస్తే నూట ఇరవై వేళ్ళూ ఎర్రగా కనిపించాయి. మొన్నే పెళ్ళయినట్టున్నాయి. గోళ్ళు, గోరు మొదళ్ళు, వేలి కొసలు మొత్తం గోరింటాకు టోపీలు.

"ఫోటో తీస్తామంటిరి కదా మేడం, రెండు సుట్లు పెట్టినాము" అన్నాడు హనుమంతు గర్వంగా.

ఆ ఊళ్ళో వాలీబాల్ ఆడేవాళ్ళు పెద్ద ఆట ముందు వేళ్ళకి గోరింటాకు పెట్టుకోవడం మామూలట. చలువ చేస్తుందని, చర్మం గట్టిపడుతుందని. మా వైపు మగవాడు గోరింటాకు పెట్టుకుంటే వీధి చివరిదాకా నవ్వుతారు. ఇక్కడ పెట్టుకోనివాణ్ణి చూసి నవ్వుతారు. మర్నాడు కోయిలకుంట్లలో ఫైనల్ కాబట్టి ఎలాగూ పెట్టుకునేవాళ్ళే, నా ఫోను పుణ్యమా అని రెండింతలు పట్టించారు. అంత రంగు మీద నా మైక్రోస్కోప్ ఆనిస్తే తెర మీద ఇటుక గోడలా కనిపించింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నాలుగు గంటలు ఎండలో వచ్చాను, ఇదేనా శుభ్రంగా పెట్టుకోవడం, బుద్ధుందా మీకు అని గొంతు పగిలేలా అరిచాను. వాళ్ళు తలొంచుకుని వింటున్నారనుకున్నాను. తర్వాత తెలిసింది, నా గోదావరి యాసకి నవ్వు ఆపుకోలేక తలొంచుకున్నారు.

ఇక చేసేదేముంది, వచ్చినందుకు ఒక ఫోటో అయినా తీద్దామని అందరి చేతులూ ఒక బల్ల మీద పెట్టించాను. అప్పుడు హనుమంతు ఒక కుర్రవాడి చెయ్యి పట్టి పైకెత్తి, "మేడం, వీనిది వొద్దులే. వీనికి పండలే" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఆ అబ్బాయి పేరు ఏసేపు. ఇరవై రెండేళ్ళు, జట్టులో స్మాష్ కొట్టేది అతనే. కుడిచేతి నడిమివేలూ ఉంగరపు వేలూ వెలిసిపోయిన నారింజరంగులో ఉన్నాయి.

"వీనికి పిల్ల దొరకదు మేడం. దొరికినా గయ్యాళి దొరుకుతాది" అన్నాడింకొకడు.

నేనూ నవ్వాను. ఆషాఢంలో మా ఇంట్లోనూ ఇదే మాట. నాకైతే ఎప్పుడూ సరిగ్గా పండేది కాదు. చేతులు చల్లగా ఉంటే పండదే అని మా అమ్మ నా చేతులు తన చీరకొంగులో చుట్టి కూచోబెట్టేది. నవ్వుతూనే ఆ మాట గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

ఒకే ముద్ద, ఒకే రోజు, పన్నెండుమందికీ పెట్టారు. అతని మిగతా ఎనిమిది వేళ్ళూ ఎర్రగా పండాయి. ఈ రెండే పండలేదు.

వేళ్ళు పట్టుకుని చూశాను. మే నెల, మిట్టమధ్యాహ్నం, కోసిగి మైదానం. ఆ రెండు వేళ్ళూ కుండలో నీళ్ళంత చల్లగా ఉన్నాయి. వేలికి పెట్టి నాడి చూసే క్లిప్పు నా సంచీలో ఉంది. రంగు అడ్డమొస్తుందేమోనని ముందు ఎర్రగా పండిన వేళ్ళకి పెట్టాను, అంకెలు చూపించింది. ఈ రెండింటికీ మాత్రం గీతలు చూపించి ఊరుకుంది. మూడుసార్లు మార్చి మార్చి పెట్టాను.

"ఎప్పట్నించి ఇలా?"

"గుంటూరులో కాయలు కోస్తాన్నప్పటి నించి మేడం. తిమ్మిరెక్కేవి, తెల్లగయ్యేవి. మిరప ఘాటు లే అనుకుంటి" అన్నాడు ఏసేపు. తర్వాత గొంతు తగ్గించి, "ఎవురికీ చెప్పొద్దండి, రేపు ఆట ఉండాది" అన్నాడు.

మా డాక్టరు గారికి ఫోన్ చేశాను. స్మాష్ కొట్టీ కొట్టీ కొందరికి భుజంలో రక్తనాళం దెబ్బతింటుందనీ, అందులో రక్తం గడ్డలు కట్టి, చెయ్యి విసిరినప్పుడల్లా ముక్కలు జారి వేళ్ళకి అడ్డం పడతాయనీ చెప్పారు. అదే అయితే ఇక ఒక్క స్మాష్ కూడా కొట్టకూడదు. వేళ్ళు పోవచ్చు. కడపలో ఆయన స్నేహితుడు రక్తనాళాల డాక్టరు, నేరుగా అక్కడికి తీసుకెళ్ళమన్నారు.

ఏసేపు ససేమిరా అన్నాడు. కడప వైపు ఒక సిమెంటు కంపెనీకి వాలీబాల్ జట్టుంది. ఆడేవాళ్ళకి ఉద్యోగం ఇస్తారు. ఆ జట్టు కోచ్ ఫైనల్ చూడ్డానికి వస్తున్నాడు, అది కూడా ఏసేపు కోసమే. ఉద్యోగం వస్తే ఇంటిల్లిపాదీ ఏటా గుంటూరు పోయే పని తప్పుతుంది. ఇన్నీ చెప్పి, "రేపొక్క రోజు మేడం. ఎల్లుండి కోస్తే కోయండి ఏళ్ళు" అన్నాడు.

వాళ్ళ ఇంటికి వెళ్ళాను. చర్చి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. తల్లి రూతమ్మ నాకు మజ్జిగ ఇచ్చి, చెప్పిందంతా వింది.

"వాని కుడిచెయ్యి సూసే కదక్కా ఉద్యోగానికి పిలుస్తాండేది. ఆ చెయ్యే వొద్దంటే యెట్ల?"

ఏసేపు చెయ్యి పట్టి ఆ రెండు వేళ్ళూ ఆవిడ చెంపకి ఆనించాను. రూతమ్మ కళ్ళు మూసుకుంది.

"సంటిబిడ్డప్పుడు గూడా వీని సేతులు ఇంత సల్లగా ల్యావు" అంది మెల్లగా. లేచి, దండెం మీద తువ్వాలు తీసి కొడుకు కుడిచెయ్యి మెడకి కట్టేసింది. "రేపు నేనూ వస్తా. ఆ ముడి ఎవురు ఇప్పుతారో సూస్తా."

కోయిలకుంట్ల

పొద్దున్నే జీపులో మేము నలుగురం, వెనక టెంపోలో జట్టు. కోయిలకుంట్ల కడప దారిలోదే కాబట్టి, ఏసేపు ఆడకుండా కూచుని చూసి అట్నించే కడప రావాలని ఒప్పందం. బనగానపల్లె దాటాక పొలం గట్ల మీద నాపరాళ్ళు నిలువుగా పాతి కంచెలా కట్టారు. మా వైపు కంచెలకి మొక్కలు నాటుతాం, ఇక్కడ రాళ్ళు నాటుతారు. ఆ ముక్క అంటే మస్తాన్ నొచ్చుకుని, "మా రాళ్ళు మీ ఇండ్లల్లో పరుచుకోలేదా మేడం" అన్నాడు. మా వంటింట్లో ఉన్నది కడప బండే. నోరు మూసుకున్నాను.

కోయిలకుంట్లలో జనం మేడలెక్కి చూస్తున్నారు. కోచ్ ముందు వరసలో తెల్ల టోపీతో కూచున్నాడు. ఏసేపు తువ్వాలు కట్టుకుని పక్క బెంచీ మీద, అతనికి ఒకవైపు నేను, మరోవైపు రూతమ్మ. పోలీసులు పట్టుకొచ్చినట్టుంది వాడి పరిస్థితి.

మొదటి సెట్టు పోయింది. రెండోది వచ్చింది. మూడోది పోతూ ఉంటే హనుమంతు పరుగెత్తుకొచ్చాడు. "మేడం, ఐదు నిముసాలు వదలండి వాన్ని."

ఏసేపు లేచి నిలబడ్డాడు. నేను అడ్డం నిలబడ్డాను. వాడి ఛాతీ వరకు వస్తాను నేను. "నన్ను తోసుకుని వెళ్ళు" అన్నాను. వాడు కోచ్ వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, తువ్వాల్లోంచి బయటికొచ్చిన తన వేళ్ళ వైపు చూసుకున్నాడు.

"ఎడమచేత్తో సర్వీసు చేస్తా మేడం. కుడిచెయ్యి ఇప్పను. మా యమ్మ మీద ఒట్టు."

రూతమ్మ వచ్చి ముడి ఇంకోసారి బిగించింది. అది విడవకుండా చివర్లు నడుముకి కట్టేసింది. ఏసేపు అలాగే లోపలికి వెళ్ళి ఎడమచేత్తో కింది నుంచి బంతిని చిన్నపిల్లలు వేసినట్టు వేశాడు. ఎగిరి కొడతాడని వెనక్కి జరిగి కాచుకున్న అవతలివాళ్ళ ముందు అది మెత్తగా పడింది. మైదానమంతా నవ్వు. అలా నాలుగు పాయింట్లు తెచ్చాడు. ఐదో బంతికి వాళ్ళు తేరుకున్నారు. కోసిగి ఓడిపోయింది.

ఆట అయ్యాక కోచ్ వచ్చాడు. "చెయ్యి బాగైనాక రాప్పా, సూద్దాం" అన్నాడు. ఆ మాటకి ఎంత విలువ ఉందో మాకెవ్వరికీ తెలీదు. ఏసేపు సరే సార్ అన్నాడు. జీపెక్కాక తువ్వాలు అంచు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

కడప

మర్నాడు పొద్దున్న కడపలో స్కాన్ గది బయట రెండు గంటలు కూచున్నాం. మస్తాన్ దర్గాకి పోయి చక్కెర ప్రసాదం తెచ్చి అందరికీ పెట్టాడు. రూతమ్మ అది నోట్లో వేసుకుని తన ప్రార్థన తను చేసుకుంది. నేను మా దేవుడికి మొక్కుకున్నాను. ఎవరి పలుకుబడి పనిచేసిందో చెప్పలేను.

మా డాక్టరు గారు అనుకున్నదే అయింది. భుజంలో రక్తనాళం ఒకచోట బుగ్గలా ఉబ్బింది, లోపల గడ్డలు. "నిన్న స్మాష్ కొట్టి ఉంటే ఈ రోజు ఇంకోలా మాట్లాడుకునేవాళ్ళం" అన్నాడు కడప డాక్టరు. ఆరోగ్య కార్డు మీద వైద్యం చేస్తామన్నాడు, ముందు రక్తం పలచబడే మందులు, తర్వాత చిన్న ఆపరేషను. ఇంకా ఏమైనా అడగాలా అన్నాడు.

ఏసేపు వాలీబాల్ గురించి అడుగుతాడనుకున్నాను.

"మిరపకాయలు కోయొచ్చా సార్?" అన్నాడు.

నేను బయటికి వచ్చేశాను. మస్తాన్ ఎదురు హోటల్‌కి తీసుకెళ్ళి కారం దోశ పెట్టించాడు. ఎర్రకారం దట్టంగా పూసిన దోశ. కళ్ళలో నీళ్ళు కారుతుంటే ఎవరూ కారణం అడగలేదు. మొత్తం తినేశాను, బజ్జీలాగా వదిలెయ్యలేదు.

కాకినాడ

ఇంటికొచ్చి ఇప్పటికి రెండు నెలలు. మా డాక్టరు గారు తన పరీక్ష కాగితాల్లో కోసిగి ఎదురుగా 'రంగు కారణంగా చూడలేకపోయాం' అని రాయమన్నారు. రాశాను. పక్కన గోరింటాకు సంగతి కూడా రాశాను. ఇదేం పరీక్షండీ అన్నారు గానీ కొట్టెయ్యలేదు.

మొన్న ఆషాఢం ఆదివారం, పది వేళ్ళకీ టోపీలు పెట్టుకుని కూచున్నాను. ఫోన్ మోగింది. తీయలేక చూస్తూ కూచున్నాను. ఆగిపోయాక ఏదో మెసేజ్ వచ్చింది. ఉండబట్టలేక ముక్కుతో నొక్కాను. ఒక చెయ్యి ఫోటో. ఉంగరపు వేలు ఎర్రగా ఉంది. నడిమివేలు సగం దాకా ఎర్రగా ఉండి, కొస దగ్గర వెలిసిపోయి ఉంది. కింద రూతమ్మ గొంతు.

"అక్కా, ఆపరేసను అయినప్పటి నించి వారం వారం చర్చికి పొయ్యి వచ్చినాక పెడతాండా. ఉంగరపేలు పండింది. నడిమేలు సగమే పండింది. మీ డాక్టరు సారుకు సూపించు. కంపెనీ నించి ఇంగా పిలుపు రాలే. ఈ యేడు కోతలకు నేనొక్కదాన్నే పోతా. ఆ ఏలు కొసదాంకా పండేవరకు వాన్ని ఇంటికాడే ఉంచుతా."

సాయంత్రం నా టోపీలు తీసి కడుక్కున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ లేనంత ఎర్రగా పండాయి. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం నడిమివేలు కొసనే చాలాసేపు చూసుకుంటూ కూచున్నాను.